సోవెటో, 1976 జూన్ 16: ఆ ఒక్క ఫొటో దాటి మాట్లాడుకుందాం

గోదారిగట్టు

దక్షిణాఫ్రికాలో జూన్ 16 యువజన దినం, దేశమంతా సెలవు. ఆఫ్రికా ఖండమంతటా అదే రోజును ఆఫ్రికా బాలల దినంగా 1991 నుంచి జరుపుతున్నారు. మన దగ్గర ఎవరైనా తలుచుకుంటే ఒక ఫొటో పెడతారు: నెత్తుటి బొట్లు కారుతున్న పిల్లాణ్ని చేతుల మీద ఎత్తుకుని పరుగెడుతున్న కుర్రాడు, పక్కన చెయ్యెత్తి ఏడుస్తూ వస్తున్న అమ్మాయి. అంతటితో సరి. ఆ పిల్లలు రోడ్డెక్కింది లెక్కల పాఠం ఏ భాషలో చెప్పాలన్న విషయం మీదని చాలామందికి తెలియదు.

క్లుప్తంగా మొదలుపెడతాను, తెలిసినవాళ్లు కలపండి. జొహానెస్‌బర్గ్‌కి నైరుతి దిక్కున నల్లవాళ్లను విడిగా ఉంచడానికి కట్టిన బస్తీల సముదాయం సోవెటో. 1974లో విద్యాశాఖ ప్రాంతీయ అధికారులు అక్కడి బడులకు ఒక సర్క్యులర్ పంపారు. ప్రైమరీ ఆఖరి తరగతి నుంచి సగం సబ్జెక్టులు డచ్చి నుంచి పుట్టిన పాలక తెల్లవాళ్ల భాష ఆఫ్రికాన్స్‌లో, సగం ఇంగ్లిష్‌లో చెప్పాలి. లెక్కలూ, సోషలూ ఆఫ్రికాన్స్‌లో. సైన్సు, కుట్లు, వడ్రంగం ఇంగ్లిష్‌లో. పిల్లల సొంత భాషలకు మిగిలినవి మత బోధ, పాటలు, వ్యాయామం. ఇళ్లలో జులూ, సోతో, త్స్వానా మాట్లాడే పిల్లలు వాళ్లు. ఆఫ్రికాన్స్ పోలీసువాడి భాష, పాస్‌బుక్కు (నల్లవాళ్లు ఎప్పుడూ వెంట ఉంచుకోవాల్సిన అనుమతి పుస్తకం) చూపించమనే ఆఫీసరు భాష.

టీచర్లలో చాలామందికే ఆ భాష సరిగ్గా రాదు. రాని భాషలో లెక్క చెప్పే మాస్టారు, అర్థంకాని భాషలో లెక్క వినే పిల్లాడు. పరీక్ష తప్పేది మాత్రం పిల్లాడు.

---

పాతపేపర్లు

మంచి చర్చ మొదలుపెట్టారు. సర్క్యులర్‌కి ముందు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇది ఒక్క ఆర్డరు మీద వచ్చిన కోపంలా కనిపిస్తుంది.

1953లో బంటు విద్యా చట్టం తెచ్చారు. బంటు అంటే నల్లవాళ్లకు ఆ ప్రభుత్వం వాడిన పేరు. దాని వెనక మనిషి హెండ్రిక్ ఫెర్వూర్డ్, తర్వాత ప్రధాని అయ్యాడు. నల్లపిల్లాడికి కూలిపనికి మించి తెల్లవాళ్ల సమాజంలో చోటు లేదు, వాడుకోలేని గణితం వాడికెందుకు అని చట్టసభలోనే అన్నాడు. దాచుకోలేదు, సిగ్గుపడలేదు. మిషనరీ బడులు చాలావరకు మూతపడటమో, ప్రభుత్వం చేతిలోకి వెళ్లడమో జరిగింది. 1975-76లో తెల్లపిల్ల చదువు మీద ఏడాదికి 644 రాండ్లు (రాండ్ అక్కడి కరెన్సీ) ఖర్చుపెడితే నల్లపిల్ల మీద 42 రాండ్లు.

దానికి తోడు బడి చదువులో ఒక ఏడాది తగ్గించి, రెండు తరగతుల పిల్లల్ని ఒకేసారి హైస్కూలు మొదటి తరగతిలోకి తోశారు. 1976లో ఆ తరగతిలో చేరింది 2,57,505 మంది, చోటున్నది 38,000 మందికి. ఆ ఇరుకులో, ఆ వేడిలో, అదే ఏడు ఆఫ్రికాన్స్ ఆర్డరును గట్టిగా అమలుచేయడం మొదలుపెట్టారు. జనవరిలో ఆండ్రీస్ ట్రూర్నిక్ట్ అనే కరుడుగట్టిన మనిషిని ఆ శాఖకు డిప్యూటీ మంత్రిగా వేశారు. పేరెంట్లు అర్జీలు పెట్టారు, స్కూలు బోర్డులు వద్దన్నాయి. వినలేదు.

---

ఓరుగల్లు

అందుకే మాతృభాషలో చదువు ఎంత ముఖ్యమో చెప్పడానికి సోవెటోని మించిన ఉదాహరణ లేదంటాను. అమ్మభాష కోసం ప్రాణాలిచ్చిన పిల్లలు. మన రాష్ట్రాల్లో తెలుగు మీడియం ఎత్తేస్తుంటే చూస్తూ కూర్చున్న మనం సిగ్గుపడాలి.

---

చరిత్ర విద్యార్థి

ఓరుగల్లు గారూ, మీ బాధ నాదీనూ. కానీ సోవెటో పిల్లల్ని మన వాదంలోకి ఇలా లాక్కురావడం సరికాదు. వాళ్లు జులూ మీడియం కావాలని బయల్దేరలేదు. ఆఫ్రికాన్స్ వద్దు, ఇంగ్లిష్‌లో చదువుకుంటాం అన్నారు.

ఇంకా లోతుకి వెళితే మరీ ఇబ్బంది. బంటు విద్య వచ్చాక ప్రైమరీ పొడుగునా సొంత భాషలోనే చెప్పాలని రూలు పెట్టింది ఆ ప్రభుత్వమే. ప్రేమతో కాదు. జులూవాణ్ని జులూలో, సోతోవాణ్ని సోతోలో విడివిడిగా ఉంచేస్తే వాళ్లు కలవరు, ఇంగ్లిష్ రాకపోతే బయట ప్రపంచం తెలియదు. తల్లిదండ్రులకు ఈ ఎత్తు అర్థమైంది కాబట్టే మాతృభాష మీడియం అంటే అక్కడ అనుమానం పుట్టింది. అమ్మభాషను కూడా సంకెలలా వాడొచ్చని ఆ ప్రభుత్వం నిరూపించింది.

నాకు అక్కడ కనిపించే అసలు సంగతి వేరు. ఏ భాష అన్నదానికంటే, ఎవరు నిర్ణయించారు అన్నది. ఆ పిల్లల్ని గానీ, తల్లిదండ్రుల్ని గానీ, టీచర్లను గానీ ఎవరూ అడగలేదు. అడిగే అవసరం కూడా లేదని పై నుంచి అనుకున్నారు.

---

ఓరుగల్లు

ఇది ఆలోచించాల్సిన మాటే. అయినా ఒకటి అడుగుతాను. ఆఫ్రికాన్స్‌వాళ్లు కూడా ఒకప్పుడు బాధితులే కదా? బోయర్ యుద్ధంలో (బోయర్లంటే ఆ డచ్చి సంతతి తెల్లవాళ్లే) ఓడిపోయాక బ్రిటిష్‌వాళ్లు బడుల్లో వాళ్ల భాషను తొక్కారని చదివాను. మరి అదే పని తాము ఎలా చేశారు?

---

పాతపేపర్లు

చదివింది నిజమే. 1902లో యుద్ధం ముగిశాక మిల్నర్ అనే బ్రిటిష్ అధికారి బడులన్నిటినీ ఇంగ్లిష్ చేయాలని చూశాడు. బడిలో డచ్చి మాట్లాడిన పిల్లల మెడలో "నేను గాడిదని" అని రాసిన పలక వేలాడదీసేవారని ఆఫ్రికానర్ కుటుంబాల్లో తరతరాలుగా చెప్పుకుంటారు. 1925లో ఆఫ్రికాన్స్‌కి అధికార హోదా సంపాదించుకున్నారు. 1975లో పార్ల్ అనే ఊళ్లో కొండ మీద తమ భాషకు పెద్ద స్మారకం కట్టుకుని ప్రారంభోత్సవం చేసుకున్నారు.

మరుసటేడే సోవెటో. తమ పిల్లలకు జరిగిన అవమానాన్ని మనసులో పెట్టుకున్నవాళ్లు, పక్కవాడి పిల్లలకు అదే చేస్తున్నప్పుడు గుర్తుపట్టలేకపోయారు. నాకు దీనికి సమాధానం తెలియదు, కోపం మాత్రం తెలుసు.

---

జోబర్గ్ నుంచి

ఉద్యోగరీత్యా జొహానెస్‌బర్గ్‌లో ఉంటున్నాను. ఆ రోజు జరిగింది రాస్తాను. ఓర్లాండో వెస్ట్‌లో ఈ సంఘటన మీద మ్యూజియం ఉంది, ఇక్కడి ఆఫీసు మిత్రులు కూడా చాలా చెప్పారు.

మొదట క్లాసులు మానేసి కూర్చున్నది ఓర్లాండో వెస్ట్ జూనియర్ సెకండరీ పిల్లలు. మే 17న. వాళ్లలో చాలామంది పదమూడు, పద్నాలుగేళ్లవాళ్లు. ఒక్కో బడీ కలిసింది. జూన్ 8న పోలీసులు ఒక విద్యార్థి కోసం నలేది హైస్కూలుకి వస్తే పిల్లలు వాళ్ల కారు తగలబెట్టారు. జూన్ 13 ఆదివారం ఓర్లాండో కమ్యూనిటీ సెంటర్లో సమావేశం. బడికొకరిద్దరు చొప్పున ప్రతినిధులతో కమిటీ వేసుకున్నారు. బుధవారం ఊరేగింపు, ఓర్లాండో స్టేడియం దాకా. ఇళ్లలో పెద్దవాళ్లకు చెప్పకూడదని ఒట్టు.

మూడు రోజులు! వేలమంది పిల్లలు! ఒక్క పోలీసు చెవిన పడలేదు, చాలా ఇళ్లలో అమ్మానాన్నలకే తెలియలేదు. బుధవారం పొద్దున మామూలుగా యూనిఫాం వేసుకుని, పుస్తకాలు పట్టుకుని బయల్దేరారు.

నలేదీ నుంచి ఒక గుంపు, మోరిస్ ఐజాక్‌సన్ హైస్కూలు నుంచి త్సియెట్సి మషినిని ముందు నడవగా ఇంకో గుంపు. దార్లో ఒక్కో బడీ కలుస్తూ పది వేల నుంచి ఇరవై వేల దాకా అయ్యారని అంచనా. అట్టముక్కల మీద రాసుకున్నారు. ఒకటి నాకు మరీ నచ్చుతుంది: మేం ఆఫ్రికాన్స్ నేర్చుకోవాలంటే ఫోర్స్టర్ జులూ నేర్చుకోవాలి. ఫోర్స్టర్ అంటే అప్పటి ప్రధాని.

పోలీసులు వస్తున్నారని తెలిసి మషినిని ఒక ట్రాక్టరు ఎక్కి మాట్లాడాడు. వాళ్లను రెచ్చగొట్టకండి, ప్రశాంతంగా ఉండండి, మనం కొట్లాటకు రాలేదు అని. అతనికి అప్పుడు పంతొమ్మిదేళ్లు. విలకాజీ వీధి దగ్గర ఎదురైన పోలీసులు యాభై మంది దాకా. ముందు కుక్కను వదిలారు, బాష్పవాయువు వేశారు. తర్వాత కాల్చారు.

---

గోదారిగట్టు

అన్నా, వివరంగా రాసినందుకు థ్యాంక్స్. ఫొటోలోని ముగ్గురి గురించి కూడా చెప్పండి.

---

జోబర్గ్ నుంచి

చేతుల మీద ఉన్న పిల్లాడు హెక్టర్ పీటర్సన్. పన్నెండేళ్లు. పక్కన పరుగెడుతున్నది వాడి అక్క ఆంత్వానెట్. వాళ్ల అసలు ఇంటిపేరు పిత్సో. నల్లవాళ్లకంటే మిశ్రమ జాతివాళ్లకు కాస్త ఎక్కువ అవకాశాలుండేవి కాబట్టి, అలా లెక్కలోకి రావడానికి ఇంటిపేరు మార్చుకున్న కుటుంబం. ఎత్తుకున్న కుర్రాడు మబుయిసా మఖుబు, పద్దెనిమిదేళ్లు. అతనికి హెక్టర్ ఎవరో తెలియదు. పడిపోయిన పిల్లాణ్ని చూసి ఎత్తుకుని పరుగెత్తాడు, అంతే. జర్నలిస్టు సోఫీ తేమా వచ్చిన కారులో ఫెఫేని క్లినిక్కి తీసుకెళ్లారు. అప్పటికే ప్రాణం పోయింది.

ఫొటో తీసింది 'ద వరల్డ్' అనే పత్రికలో పనిచేసే సామ్ న్జీమా. పోలీసులు కెమెరాలు లాక్కుని రీళ్లు పాడుచేస్తారని తెలుసు కాబట్టి ఆయన వెంటనే రీలు తీసి మేజోడులో దాచాడు. ఆ మేజోడులో దాచిన రీలు వల్లనే మనమివాళ ఇక్కడ మాట్లాడుకుంటున్నాం. మర్నాటికి ప్రపంచమంతా చూసింది. ఆ తర్వాత ఆయన బతుకు ఆగమైంది. వేధింపులు తట్టుకోలేక ఉద్యోగం వదిలి సొంత ఊరు లిల్లీడేల్ వెళ్లిపోతే అక్కడ గృహనిర్బంధం. తన ఫొటో మీద హక్కు తనకు దక్కేసరికి 1998. 2018లో పోయారు.

మఖుబు పరిస్థితి ఇంకా ఘోరం. ఒక పిల్లాణ్ని ఎత్తుకున్న పాపానికి పోలీసులు వెంటపడ్డారు. దేశం వదిలి బోట్స్వానా, అక్కణ్నుంచి నైజీరియా. 1978లో వాళ్లమ్మకు ఒక ఉత్తరం వచ్చింది. మళ్లీ జాడ లేదు. ఆవిడ కొడుకు కోసం చూస్తూనే పోయింది.

---

చరిత్ర విద్యార్థి

హేస్టింగ్స్ ఎన్‌డ్లోవు పేరు ఎవరూ రాయలేదు. పదిహేనేళ్లవాడు. హెక్టర్‌కంటే ముందు తూటా తగిలింది వాడికేనని చాలామంది సాక్షుల మాట. అక్కడ కెమెరా లేదు కాబట్టి ప్రపంచానికి వాడు తెలియలేదు.

ఇంకొక పేరు కూడా. డాక్టర్ మెల్విల్ ఎడెల్‌స్టైన్, తెల్ల సామాజికవేత్త, సోవెటోలోనే సంక్షేమ పనులు చేసేవాడు. నల్ల యువకులు ఏమనుకుంటున్నారో అధ్యయనం చేసి వాళ్లలో కోపం పేరుకుంటోందని ముందే హెచ్చరించినవాడు. కాల్పుల తర్వాత రగిలిపోయిన గుంపు చేతిలో ఆ రోజే చనిపోయాడు. పిల్లల మీద ఎంత గౌరవం ఉన్నా ఇది దాటేయకూడదు.

లెక్కల విషయం. మొదటిరోజు 23 మంది అని ప్రభుత్వం చెప్పింది. తర్వాత అదే ప్రభుత్వం వేసిన సిల్లియే కమిషన్, 1977 ఫిబ్రవరి దాకా దేశమంతటా 575 మంది చనిపోయారని తేల్చింది. అందులో 451 మంది పోలీసు చర్యలో పోయినవాళ్లు. ప్రభుత్వం ఒప్పుకున్న లెక్క అది, బయట చెప్పుకునేది ఇంకా ఎక్కువ.

---

బెజవాడ అమ్మాయి

నేను ఇంటర్ చదువుతున్నాను. ఈ చర్చ చదువుతుంటే ఒళ్లు జలదరిస్తోంది. ఒక డౌటు. వాళ్లు గెలిచారా లేదా? ఆ ఆర్డరు తీసేశారా?

---

పాతపేపర్లు

తీసేశారమ్మా. జూలై 6న మంత్రి ఎం.సి. బోతా, ఏ మీడియం కావాలో బడులే ఎంచుకోవచ్చని ప్రకటించాడు. అంటే ఇరవై రోజుల్లో. రెండేళ్లపాటు పెద్దవాళ్ల అర్జీలకు కదలని ఆర్డరు.

కానీ అప్పటికి పోరాటం భాష దగ్గర ఆగే స్థితి దాటిపోయింది. జూన్ 17న జొహానెస్‌బర్గ్‌లోని విట్స్ యూనివర్సిటీ తెల్ల విద్యార్థులు కొందరు కాల్పులకు నిరసనగా ఊరేగారు. 19న ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ఖండించింది. ఆగస్టులో కేప్‌టౌన్ పక్కన లాంగా, గుగులెతు లేచాయి. మిశ్రమ జాతి విద్యార్థులు కూడా కలిశారు. గమనించు, వాళ్లలో చాలామందికి ఇంట్లో మాట్లాడుకునే భాష ఆఫ్రికాన్సే! భాష మీద పగ కాదనడానికి ఇంతకన్నా ఏం కావాలి.

ఖరీదు చాలా పెద్దది. మషినిని పట్టిస్తే 500 రాండ్లు ఇస్తామన్నారు. తప్పించుకుని దేశం దాటాడు, తిరిగి బతికి రాలేదు. 1990లో గినీలో చనిపోతే శవం వచ్చింది. మండేలా విడుదలైన ఏడాదే. 1977 సెప్టెంబరులో నల్లవాళ్ల ఆత్మగౌరవ ఉద్యమ నాయకుడు స్టీవ్ బీకో పోలీసు నిర్బంధంలో దెబ్బలకు చనిపోయాడు. అక్టోబరు 19న 'ద వరల్డ్' పత్రికనే నిషేధించారు. వేలమంది పిల్లలు సరిహద్దులు దాటి వెళ్లారు. చదువు మధ్యలో వదిలి వచ్చిన ఆ పిల్లల కోసమే మండేలా పార్టీ ఏఎన్‌సీ టాంజానియాలో మొరొగొరో దగ్గర ఒక బడి కట్టింది.

---

బెజవాడ అమ్మాయి

థ్యాంక్యూ సర్. మషినినికి అంత ధైర్యం ఎవరు నేర్పారు? మా వయసే కదా.

---

చరిత్ర విద్యార్థి

వాళ్ల హిస్టరీ సార్. అబ్రహాం ఓంకొపొత్సె టిరో అని. 1972లో యూనివర్సిటీ స్నాతకోత్సవంలో బంటు విద్యను అందరి ముందూ విమర్శించాడు. ఆ వేడుకలో ముందు వరసలు తెల్లవాళ్లకిచ్చి, నల్ల పిల్లల తల్లిదండ్రులకు లోపల చోటివ్వలేదు. ఆ సంగతీ అక్కడే అన్నాడు. బహిష్కరించారు. తర్వాత మోరిస్ ఐజాక్‌సన్‌లో హిస్టరీ టీచరుగా చేరాడు. పుస్తకంలో ఉన్నది చెప్పి, అందులో లేనిదేమిటో కూడా చెప్పేవాడు. అక్కడా ఉండనివ్వలేదు. 1974లో బోట్స్వానాలో ఉండగా పార్సిల్ బాంబు పంపి చంపారు. మషినిని ఆయన శిష్యుడు.

---

ఏజెన్సీ టీచరు

ఇప్పటిదాకా చదువుతూ వచ్చాను. ఓరుగల్లు గారు తెలుగు గురించి అన్నారు కాబట్టి నా అనుభవం చెప్పాలనిపించింది. భద్రాచలం వైపు కోయ గూడేల్లో ప్రైమరీ బడి నాది.

ఒకటో తరగతికి వచ్చే పిల్లలకు ఇంట్లో కోయ భాష. మన తెలుగు వాచకం వాళ్లకు పరాయిది. ఒకసారి ఒక పిల్లకి లెక్క ఇచ్చాను, సంతలో కొన్న మామిడిపండ్లు, అమ్మినవి, మిగిలినవి. పలక పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయింది. మొద్దు అనుకునేవాళ్లు చాలామందే ఉంటారు. అదే లెక్కను పక్క పిల్లాడు కోయలో చెప్పాడు. ఆ పిల్ల పలక కూడా ముట్టుకోలేదు, వేళ్లు ముడిచి జవాబు చెప్పేసింది. రోజూ అమ్మతో సంతకి వెళ్లే పిల్ల, ఆ లెక్క ఆమెకు ఎప్పుడో వచ్చు. రానిది మా ప్రశ్న.

సోవెటోలో లెక్కలు ఆఫ్రికాన్స్‌లో అన్న చోట నాకు ఆ పిల్ల ముఖమే కనిపించింది. పోలిక పూర్తిగా సరిపోదని తెలుసు, ఇక్కడ తుపాకులు లేవు, ద్వేషం లేదు. కానీ అడగకుండా నిర్ణయించడం మాత్రం ఉంది. తెలుగుకి అన్యాయం జరుగుతోందని బాధపడే మనం, తెలుగు ఎవరి మీద బరువుగా పడుతోందో కూడా చూడాలి.

2004లో ఉమ్మడి రాష్ట్రంలో కోయ, గోండి, కొలామి, సవర లాంటి ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకు పుస్తకాలు తయారుచేసి బోధన మొదలుపెట్టారు. తెలుగు లిపిలోనే ఆ భాషలు. మంచి పని. మా పిల్లలు తమ మాటలు అచ్చులో చూసి పుస్తకం ఇంటికి పట్టుకెళ్లి చూపించుకున్నారు.

---

ఓరుగల్లు

మేడమ్, మీ పోస్టు రెండుసార్లు చదివాను. తెలుగు కోసం నా పట్టుదల తగ్గదు, కానీ కోయ పిల్లకి కోయ, గోండు పిల్లకి గోండి అన్నది కూడా అదే పట్టుదలలో భాగం కావాలి. ఆ పుస్తకాలు ఇప్పటికీ వాడుతున్నారా?

---

ఏజెన్సీ టీచరు

మా బడిలో పాతవి జాగ్రత్తగా పెట్టుకుని వాడుకుంటున్నాం. పుస్తకం కంటే ముఖ్యం ఆ భాష వచ్చిన మనిషి. గూడెంలో చదువుకున్న పిల్లనే విద్యా వాలంటీరుగా పెట్టినప్పుడు పిల్లల హాజరు తేడా కళ్లకు కనిపించింది. ఆమె మానేశాక మళ్లీ మొదటికొచ్చాం.

---

డర్బన్ చుట్టం

మా ముత్తాత అన్నగారు విశాఖ జిల్లా నుంచి నాటాల్ చెరకు తోటలకు వెళ్లారు. వాళ్ల వంశం డర్బన్‌లో ఉంది, ఒకసారి చూసి వచ్చాను. 1860 నవంబరులో మద్రాసు నుంచి మొదటి ఓడ ట్రూరో డర్బన్ చేరినప్పటి నుంచీ 1911 దాకా లక్షన్నర మంది కూలీలుగా వెళ్లారు. అందులో తెలుగువాళ్లు కూడా ఉన్నారు.

అపార్థైడ్‌లో, అంటే ఆ జాతివివక్ష పాలనలో, భారతీయుల పిల్లలకు విడి బడులు, ఇంగ్లిష్ మీడియం. ఆఫ్రికాన్స్ ఒక సబ్జెక్టుగా నేర్చుకోక తప్పేది కాదు. తెలుగు ఎక్కడా లేదు. 1931లో పెట్టుకున్న ఆంధ్ర మహాసభవాళ్లు గుళ్లలో, హాళ్లలో సాయంత్రం బడులు నడిపి పిల్లలకు పద్యాలూ, భజనలూ నేర్పారు. అయినా మా చుట్టాల్లో పెద్ద తరం పోయాక ఇంట్లో తెలుగు మాట పోయింది. నన్ను చూసి "బాగున్నావా" అన్న మాట ఒక్కటి తెలుగులో అని మిగిలినదంతా ఇంగ్లిష్‌లో మాట్లాడారు. 1976 గురించి అడిగితే, ఆ ఏడాది తమ బడులు కూడా అట్టుడికాయని, పెద్దవాళ్లు పిల్లల్ని ఇంట్లో పెట్టి తలుపులు వేశారని చెప్పారు.

---

గోదారిగట్టు

ఇది నేను ఊహించని కోణం. జోబర్గ్ అన్నా, ఇప్పుడు సోవెటో పిల్లలు ఏ భాషలో చదువుతున్నారు?

---

జోబర్గ్ నుంచి

1996 రాజ్యాంగం పదకొండు భాషలకు సమాన హోదా ఇచ్చింది, 2023లో సంజ్ఞా భాషను పన్నెండోదిగా చేర్చారు. బడిలో మాత్రం మూడో తరగతి దాకా సొంత భాష, నాలుగో తరగతి నుంచి ఎక్కువ చోట్ల ఇంగ్లిష్. ఆ నాలుగో తరగతి దగ్గరే పిల్లలు తడబడి వెనకబడిపోతున్నారని ఇక్కడి టీచర్లు బాధపడుతుంటారు. నాలుగు తర్వాత కూడా సొంత భాషను తోడుగా ఉంచాలని ఇప్పుడు ప్రయత్నం నడుస్తోంది. ఆఫ్రికాన్స్ గొడవ కూడా పూర్తిగా పోలేదు. 2015-16లో ప్రిటోరియా, స్టెలెన్‌బాష్ యూనివర్సిటీల్లో అది బోధనా భాషగా ఉండకూడదని విద్యార్థులు మళ్లీ లేచారు. బడుల్లో భాష ఎవరు నిర్ణయించాలన్నది 2024లో వచ్చిన కొత్త విద్యా చట్టం మీద కూడా పెద్ద రచ్చ.

మ్యూజియంకి వెళ్లేవాళ్లకు ఒక మాట. లోపలి ముంగిట్లో చనిపోయిన పిల్లల పేర్లు చెక్కిన చిన్న రాతి దిమ్మెలు ఉంటాయి. గైడు హడావుడి పెట్టినా అక్కడ కూర్చుని పేర్లు చదవండి.

---

బెజవాడ అమ్మాయి

మా కాలేజీలో ఈసారి జూన్ 16న దీని గురించి మాట్లాడతానని లెక్చరర్‌ని అడిగాను, ఒప్పుకున్నారు. ఏజెన్సీ టీచరు గారూ, మామిడిపండ్ల లెక్క సంగతి కూడా చెప్పొచ్చా?

---

ఏజెన్సీ టీచరు

చెప్పు తల్లీ. ఆ పిల్ల పేరు, ఊరు మాత్రం అడగొద్దు. ఇప్పుడు ఐటీడీఏ హాస్టల్లో తొమ్మిది చదువుతోంది, లెక్కల్లో క్లాస్ ఫస్టు.